వెనక్కి నడిచిన గడియారం

పోయిన వారం మనం కొట్టులోంచి బయటికి వచ్చేసరికి కోడలి బొటనవేలు ఫోను మీద గాల్లో ఉంది. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ వేలు దిగితే ఏమవుతుందో తెలియనివారికి నాలుగు మాటలు. బూట్ల తాత కుట్టిన కొత్త బూట్లు వేసుకుని డాన్సు మాస్టారు క్లబ్బు వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కాడు. మొదటి చుట్టు తిరగగానే వెళ్లి డ్రమ్ములో పడ్డాడు. ఆరువందల మంది చూశారు. మర్నాడు ఊరంతా చదివే ఫోను పేజీలో "ఆ కొట్టు బూట్లు వేసుకుంటే పళ్లు రాలతాయి" అని రాశాడు. అది చదివి ముగ్గురు తమ బూట్లు కుట్టొద్దన్నారు. బడికి కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ నూట నలభై జతలు కుట్టమని చెప్పబోతూ ఆగిపోయింది. రేపు అయిదింటికి వస్తాను, సంగతేమిటో నాకు చెప్పండి, అని కబురు పెట్టింది.

తాత కోడలు ఊరుకునే మనిషి కాదు. "మా దగ్గర రుజువు ఉంది. రేపు సాయంత్రం అయిదింటికి ఇక్కడే పెడతాం" అని అదే పేజీలో రాసేసింది.

రుజువంటే డాన్సు మాస్టారు ఆమెకు పంపిన మెసేజీ, రెండు ఫోటోలు. మెసేజీలో ఇలా ఉంది: "పోయిన ఏడు స్కూటరు మీద నుంచి పడ్డాక నా కాలు ఒకటి అర అంగుళం కురచైంది. ఫోటోలో ఎర్రగీత పెట్టిన కాలికి, బూటు లోపల అర అంగుళం ఎత్తు వెయ్యండి. బయటికి కనపడకూడదు. పిల్లల అమ్మానాన్నలకు తెలిస్తే నా క్లాసు మూతపడుతుంది. దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఇప్పుడు మూడున్నర అయింది. రుజువు పెట్టడానికి అంతా సిద్ధం. ఇక వేలు దిగడమే మిగిలింది.

"అమ్మాయ్, ఆగు" అన్నాడు తాత.

ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో రెండు ఖర్చయ్యాయి.

"ఎందుకాగాలి మామయ్యా?" అంది కోడలు. "ఆయన నలుగురిలో మనల్ని కడిగేశాడు. మనం సొరుగులో తల పెట్టుకుని నిజం చెప్పుకోవాలా? ఎత్తు వెయ్యమన్నది ఆయన. ఏ కాలికో గీత గీసి చూపించింది ఆయన. గీత ఉన్న కాలికే వేశాం. ఇందులో మన తప్పేముంది?"

"తప్పు సంగతి కాదు."

"మరి?"

తాత గోడకేసి చూశాడు.

ఆ గోడ గురించి చెప్పాలి. కింది నుంచి పైదాకా చెక్కపాదాలు వేలాడుతుంటాయి. ఒక మనిషి పాదాన్ని చేత్తో పట్టుకుని, కొలిచి, చెక్కతో అలాగే చెక్కి, దాని మీద తోలు సాగదీసి బూటు కుడతారు. నూటికి పైగా జతలున్నాయి. ఒక్కదాని మీదా పేరు లేదు. తాత తండ్రి రాయనిచ్చేవాడు కాదు. పేరుకు బదులు ఒక గుర్తు ఉంటుంది. చేప, తాళంచెవి, గొడుగు, అలాంటివి. ఎవరి బొటనవేలు వంకరో, ఎవరి మడమ పగిలిందో గోడ కింద కూర్చున్న మరో మనిషికి తెలియకూడదు. ఏ గుర్తు ఎవరిదో తాతకొక్కడికే తెలుసు.

పైవరసలో చివర ఒక చిన్న జత ఉంది. పిల్ల పాదాలు. గుర్తు చుక్క. కుడిదానికి చిటికెనవేలి పక్కన తోలు ముక్క అతికించి బొడిపెలా పెంచారు. నలభై ఏళ్లుగా దానికోసం ఎవరూ రాలేదు. ఎవరివని పెద్దావిడ, అంటే తాత భార్య, అడిగినప్పుడల్లా తాతకు అర్జంటుగా పని గుర్తుకొస్తుంది.

"ఆయన మనకు చెప్పాడు" అన్నాడు తాత. "నలుగురికీ చెప్పలేదు."

"పేరు తుడిచేసి పెడతాలెండి."

"ఊళ్లో డాన్సు మాస్టార్లు ఎందరు?"

కోడలు లెక్కపెట్టింది. ఎక్కువసేపు పట్టలేదు. "ఒక్కడే" అంది.

మూల స్టూలు మీద కూర్చుని బూటు తాళ్లకు కొసలు చుడుతున్న పెద్దావిడ అందుకుంది. "ఒక్కడైతే ఏం? ఆ ఒక్కడే కదా మన పళ్లూడగొట్టింది. అమ్మాయి చెప్పింది నిజమే కదండీ. అబద్ధం వీధిలో తిరుగుతుంటే నిజం ఇంట్లో ముసుగేసుకుని పడుకోవాలా? మీరు నోరు తెరవరు. ఆ పిల్ల తెరిస్తే ముయ్యమంటారు."

"చూశారా! అత్తయ్య నా వైపే" అంది కోడలు.

"నేనెప్పుడూ గెలిచేవాళ్ల వైపే. ఇంకా తేలలేదు. చూస్తున్నా."

తాత చేతిలో ఆరె పక్కన పెట్టాడు. తోలుకు తూట్లు పొడిచే ఆ ఆరెను పని మధ్యలో ఆయన పక్కన పెట్టడం చాలా అరుదు. అందుకే ఇద్దరూ ఆయనకేసి తిరిగారు.

"రేపు ఒకాయన వస్తాడు" అన్నాడు. "కాలు చూపించమంటాను. చూపిస్తాడా?"

"ఎందుకు చూపించడు?"

"ఈ వేళ ఫోన్లో ఇంకొకాయన కాలు చూసి వచ్చాడు కదా. చూపించడు. బూట్ల మీంచే కొలుచుకోమంటాడు."

కోడలు మంచి మనిషి. కోపం పాలు కాస్త ఎక్కువ, అంతే. పైగా నూట నలభై జతలు వస్తే మొగుడికి ఊరూరా తిరిగే పని తప్పుతుంది. ఆ వేళ కూడా అతను తోలు కొనడానికి పొరుగూరికే వెళ్లాడు. ఆమె వేలు అంతసేపు గాల్లో నిలబడిందంటే దాని వెనక ఇదంతా ఉంది.

"అయితే అయిదింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి అడిగితే ఏం చెప్పాలి? మా మామయ్యకు మాటలు అయిపోయాయండీ, రేపు రండి, అనాలా?"

పెద్దావిడ నవ్వు ఆపుకోలేక తాడు కొస వదిలేసింది. తాతకు కూడా మీసం కింద పెదవి కదిలింది. దాన్ని ఆయన నవ్వంటాడు.

"సరే. పెట్టేముందు ఒకసారి చూపించు" అన్నాడు.

కోడలు ఫోను ఇచ్చింది. తాత కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆయన మెసేజీ చదవలేదు. ఫోటోలే చూశాడు. నడుము దాకా కోసేసిన మనిషి. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. మేజోళ్లు. ఒక కాలి చుట్టూ ఎర్రగీత. వెనక పొట్టి బల్ల, దాని మీద గుండ్రటి గడియారం. అంకెలు లేని రకం, చుట్టూ చుక్కలే.

చాలాసేపు చూశాడు. రెండో ఫోటో చూశాడు. మళ్లీ మొదటిదానికి వచ్చాడు.

"ఇది ఎన్నింటికి వచ్చింది?"

"కింద ఉంటుంది మామయ్యా. నాలుగూ పది. రెండోది నాలుగుంబావు. ఆ రోజు మూడు దాటాక ఫోన్ చేసి, ఇప్పుడే తీసి పంపిస్తానన్నాడు. తీసీ తియ్యగానే పంపాడు."

"ఇందులో ఎంతయింది?"

కోడలు వంగి చూసింది. "ఎనిమిదికి పది తక్కువ. పాడైన గడియారమేమో లెండి."

"రెండోదాంట్లో?"

"ఎనిమిదికి పావు..." ఆగిపోయింది. "పావు తక్కువ."

పెద్దావిడ స్టూలు దిగి వచ్చింది. "అంటే మొదట ఏడూ యాభై, అయిదు నిమిషాలయ్యాక ఏడూ నలభై అయిదూనా? పాడైతే ఆగుతుందే. వెనక్కి నడుస్తుందా?"

తాత లేచాడు. కొట్టులో బూట్లు వేసుకుని చూసుకోవడానికి నేల మీద వాలుగా పెట్టిన అద్దం ఒకటుంది. మనిషిలో మోకాళ్ల కిందిభాగమే కనపడుతుంది అందులో. తాత దాని ముందు చతికిలబడ్డాడు. ఫోను అద్దానికి ఎదురుగా పట్టుకున్నాడు. పెద్దావిడ ఒక పక్క, కోడలు ఒక పక్క నేల మీద కూలబడి తలలు దూర్చారు.

అద్దంలో గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

ఎర్రగీత రెండో కాలికి దూకింది.

"అయ్యో, అయ్యయ్యో" అంది కోడలు. "ఆయన అద్దంలో చూసి ఫోటో తీసుకున్నాడు!"

"కుడికాలనుకుని కుడికాలికి వేశాం" అన్నాడు తాత. "ఎడమది."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కురచ కాలు కురచగానే ఉండిపోయింది. బాగున్న కాలు ఇంకో అర అంగుళం పెరిగింది. అర అంగుళం తేడా కాస్తా అంగుళం అయింది. అలాంటి కాళ్లతో గిర్రున తిరిగితే మనిషి డ్రమ్ములో కాక ఇంకెక్కడ పడతాడు?

"అమ్మో, ఇది పెట్టి ఉంటేనా!" అంది కోడలు రెండు చేతులూ చెంపల మీద వేసుకుని. "ఎవడో ఒకడు గడియారం చూసేవాడు. మన రుజువుతో మనల్నే కట్టేసేవారు."

"ఊరంతటికీ మనమే పిలిచి చూపించినట్టయ్యేది" అంది పెద్దావిడ. అంటూనే నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. "గడియారం వెనక్కి... మనిషి డ్రమ్ములోకి..." ఆవిడ నవ్వితే ఒళ్లంతా నవ్వుతుంది. కోడలు ఏడవబోయి నవ్వింది.

"నాదే తప్పు మామయ్యా. ఆర్డరు తీసుకుంది నేను."

"కాదు. నువ్వు ఆయన్ని రమ్మందామన్నావు. ఆ పాదాలు నాకు తెలుసు, అక్కర్లేదన్నాను. చేత్తో పట్టుకోకుండా కుట్టాను. నలభై అయిదేళ్లలో మొదటిసారి." తాత అంత పొడుగు మాట మాట్లాడి ఆయాసపడ్డాడు. తర్వాత, "రాయి" అన్నాడు.

"ఏం రాయను?"

"తప్పు మాది అని."

"అలా రాస్తే నూట నలభై జతలూ..."

"పోతే పోనీ."

కోడలు గోడకేసి చూసింది. పేరు లేని నూరు జతల పాదాలు. ఫోను తీసుకుంది. ఆ రోజు ఆమె వేలు మొదటిసారి దిగింది. ఆమె రాసింది ఇది:

"రుజువు పెడతామన్నాం. పెట్టం. మేం కుట్టిన ఒక జతలో తప్పు జరిగింది. తప్పు మాది. ఏం తప్పో ఇక్కడ రాయం. అది ఆ కాళ్లవారి సొంత సంగతి. మా దగ్గర చెప్పింది మా దగ్గరే ఉంటుంది."

చివరి వాక్యం తాత చెప్పలేదు. అది ఆమె సొంతం.

రాసి ఫోను బోర్లించిందో లేదో, గుమ్మంలో డాన్సు మాస్టారు కనిపించాడు.

మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చంకలో సంచీ, సంచీలో బూట్లు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ లోపలికి వచ్చి, అటూ ఇటూ చూసి, కోడలి ముందు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, పెట్టకండమ్మా. ఇంకా అయిదవలేదు. నేను రాసింది తీసేస్తాను. పళ్లు రాలలేదని రాస్తాను. ఏం రాయమంటే అది రాస్తాను. ఆ మెసేజీ మాత్రం..."

"మాస్టారూ, మీరే మమ్మల్ని క్షమించాలి" అంది కోడలు ఆయన కంటే వేగంగా చేతులు జోడిస్తూ.

"కాదమ్మా, నన్నే మీరు..."

"కాదండీ, మీరే మమ్మల్ని..."

"ఏమయ్యా, ఇదేమన్నా పోటీనా?" అంది పెద్దావిడ. "ఇద్దరూ చేతులు దించండి. నువ్వు ముందు కూర్చో."

కూర్చోబెట్టి గడియారం కథ చెప్పారు. మాస్టారు నమ్మలేదు. ఆయన్ని కూడా అద్దం ముందు నేల మీద కూర్చోబెట్టారు. చూశాడు. ఫోటో చూశాడు, అద్దం చూశాడు, తన కాళ్లు చూసుకున్నాడు. తర్వాత ఆయన అన్న మాటకు ఎవరికీ నవ్వు రాలేదు.

"నా కాలే ఇంకా కురచైపోయిందనుకున్నానండీ. బూట్లు ఆఖరి నిమిషంలో వచ్చాయి. వేసుకుని నడిస్తే ఒంకరగా ఉంది. ఇక అయిపోయింది, ఇది రోజురోజుకీ తగ్గిపోతుంది కాబోలు అనుకున్నా. అందుకే కోపం. ఎవరి మీద పడాలో తెలియక మీ మీద పడ్డాను."

"ఇలా ఇవ్వు" అన్నాడు తాత.

బూట్లు కాదు. కాళ్లు అడిగాడు. మేజోళ్లు తీయించి ఒక్కొక్క పాదాన్నే ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మడమ నుంచి వేళ్ల దాకా నొక్కుకుంటూ వెళ్లాడు. రెండు మోకాళ్లూ పక్కపక్కన పెట్టించి చూశాడు. అర అంగుళం. ఒక పిసరు కూడా ఎక్కువ లేదు.

"పెరగలేదు. తగ్గలేదు" అన్నాడు. మాస్టారు పొడుగ్గా ఊపిరి వదిలాడు. అది కొట్టు మొత్తానికి వినపడింది.

పైకి ఒకేలా కనపడాలని తాత రెండు బూట్ల లోపలా చోటు వదిలే కుట్టాడు. కుడిదాంట్లోంచి తోలు దొంతర ఊడదీసి, చెక్కి, ఎడమదాంట్లో సర్దాడు. "ఇది ఈ పూటకి. వారంలో కొత్త జత కుడతా."

మాస్టారు బూట్లు వేసుకున్నాడు. లేచాడు. నాలుగడుగులు వేశాడు. ఈడ్పు లేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు. గోడ దాకా వెళ్లి ఆగి, వాళ్లకేసి తిరిగి, ఒక్క చుట్టు తిరిగాడు. నిలబడ్డాడు. నిటారుగా.

"డ్రమ్ము లేదు కదా, ఇంకోటి తిరుగు" అంది పెద్దావిడ.

ఇంక ఆయన్ని ఆపడం ఎవరి తరం? కోడలు కుర్చీలు గోడకు జరిపింది. పెద్దావిడ ఖాళీ బూటుపెట్టె మీద వేళ్లతో దరువు వేసింది. మాస్టారు ఆ పది అడుగుల కొట్టులో, జిగురు డబ్బాల మధ్య, తోలు ముక్కల మీద, ఒక్కటి కూడా తన్నకుండా ఆడాడు. గోడ మీది చెక్కపాదాలు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. అవీ ఆడుతున్నాయని కోడలంది. తాత సుత్తితో బల్ల మీద తాళం వేశాడు. పెళ్లినాడు కూడా ఈయన ఇంత హుషారుగా లేడని పెద్దావిడ అరిచి మరీ చెప్పింది.

అలిసి కూర్చున్నాక మాస్టారు తన ఫోను తీశాడు. కోడలు రాసింది అప్పుడు చదివాడు. రెండుసార్లు చదివాడు. పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ తన ఫోటో తనే తీసుకుని, దాని కింద ఒక్క ముక్క రాసి అందరికీ కనపడేలా పెట్టాడు: "ముప్పై రెండూ ఉన్నాయి. లెక్కపెట్టుకోవచ్చు. బూట్లు బ్రహ్మాండం."

"ఈసారి అద్దంలో తియ్యలేదు కదా?" అంది పెద్దావిడ. మళ్లీ నవ్వులు.

ఆ నవ్వుల్లో గుమ్మంలో మనిషి నిలబడిందని ఎవరూ చూడలేదు. సరిగ్గా అయిదు. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో ఫైలు, ముక్కు మీద కళ్లద్దాలు, కాళ్లకు మూసిన బూట్లు. హెడ్‌మిస్ట్రెస్. ఈ ఊరికి వచ్చి రెండు నెలలైంది. ఇంతకు ముందు ఈ ఊరు చూడలేదని అందరితో అంటుంది.

నవ్వు గబుక్కున ఆగింది. కోడలు చీర సర్దుకుంది. మాస్టారు సంచీ తీసుకుని, ఆవిడకు నమస్కారం పెట్టి, నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ ఆయన కాళ్లకేసి చూడలేదు.

"మేడమ్, కూర్చోండి" అంది కోడలు గొంతు సవరించుకుని. "మీరు సంగతేమిటో చెప్పమన్నారు. అదీ... చెప్పడానికి లేదండీ. మీరు జతలు వద్దంటే మేమేమీ అనుకోం."

హెడ్‌మిస్ట్రెస్ ఫైలు బల్ల మీద పెట్టి కూర్చుంది. "జతల కాయితం ఇందులో ఉంది. నూట నలభై. సంతకం దారిలోనే పెట్టాను, మీరు రాసింది చదివి" అంది. "రుజువు పెట్టి ఉంటే వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగేదాన్ని."

కోడలు గబగబా ఫైలు తెరిచి సంతకం చూసుకుంది. పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, "నేనెప్పుడూ గెలిచేవాళ్ల వైపే" అని గొణిగింది.

కానీ హెడ్‌మిస్ట్రెస్ లేవలేదు. వీధికేసి చూసింది. "ఆ తలుపు కాస్త వెయ్యగలరా?" అంది మెల్లగా. కోడలు వేసింది.

"ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందని రాశారు కదా. అది నిజమేనా?"

"నిజం" అన్నాడు తాత.

ఆవిడ కుడికాలి బూటు విప్పింది. మేజోడు విప్పింది. రాసుకుని, ఒరుసుకుని, చిటికెనవేలి పక్కన చర్మం ఎర్రగా కందిపోయింది. "చిన్నప్పుడు ఎవరో ఒక జత కుట్టారట. నొప్పి లేకుండా నడిచింది అప్పుడేనని అమ్మ అనేది. ఎక్కడ కుట్టించిందో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు" అంది తల దించుకుని.

పెద్దావిడ ముందుకు వంగి చూసింది.

ఆ పాదానికి ఆరు వేళ్లున్నాయి.

తాత ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కొలవలేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో ఒక్కసారి తడిమాడు. చాలాకాలానికి ఇంటికి వచ్చిన మనిషి గుమ్మాన్ని తడిమినట్టు. తర్వాత తలెత్తి గోడ పైవరసకేసి, చివరకేసి చూశాడు.

"అమ్మాయ్" అన్నాడు. "నిచ్చెన తే."